ఫారాలు నింపేవాళ్లకు పనికొచ్చే క్వాలిటీ సిస్టమ్ ఎలా కట్టుకోవాలి

"క్వాలిటీ సిస్టమ్ పెట్టాం, ట్రైనింగ్ ఇచ్చాం, ఫారాలు ప్రింట్ చేయించాం. అయినా ఎవరూ సరిగ్గా నింపడం లేదు. ఏం చేయాలి?" ఈ ప్రశ్న రాని నెల ఉండదు నాకు. ల్యాబ్ ఇన్‌చార్జులు అడుగుతారు, ఫ్యాక్టరీ సూపర్‌వైజర్లు అడుగుతారు, ఆఫీసు మేనేజర్లు, నర్సింగ్ హెడ్‌లు కూడా అడుగుతారు. లోపం సిబ్బందిలోనే ఉందనే నమ్మకంతో వస్తారు. నేను ముందు ఆ ఫారం చూపించమంటాను. చాలాసార్లు జవాబు అందులోనే దొరుకుతుంది.

పని తప్పుగా జరగకుండా చూసుకోవడం, జరిగితే వెంటనే తెలుసుకోవడం, అదే తప్పు మళ్లీ రాకుండా చేసుకోవడం. ఈ మూడింటికీ చేసుకునే ఏర్పాటునే ఇక్కడ క్వాలిటీ సిస్టమ్ అంటున్నాను. రిజిస్టర్లు, చెక్‌లిస్టులు, సంతకాలు, ఆడిట్లు దానికి పనిముట్లు. కొత్తగా మొదలు పెడుతున్నా, ఉన్నదాన్ని బాగు చేసుకోవాలనుకున్నా పద్ధతి ఇదే. సంస్థ మొత్తం మీద ఒకేసారి పెట్టకండి. ఒక విభాగం, అందులో ఒక పని తీసుకుని మొదలు పెట్టండి. తీరిగ్గా చేస్తే రెండు నెలలు పడుతుంది.

ముందుగా కావలసినవి

- ఆ పని రోజూ చేసేవాళ్లు ఇద్దరు. ఒకరు బాగా సీనియర్, ఇంకొకరు చేరి ఆరు నెలలు కూడా కానివాళ్లు. సీనియర్‌కు పని తెలుసు. కొత్తవాళ్లకు ఎక్కడ అర్థం కాదో గుర్తుంటుంది.
- ఇప్పుడు నింపుతున్న ప్రతి కాగితం ఖాళీ కాపీ ఒకటి.
- గత మూడు నెలల నిండిన రిజిస్టర్లు. ఫొటోలు పంపితే ఒప్పుకోకండి, అసలువే తెప్పించుకోండి. ఎందుకో మూడో మెట్టులో చెబుతాను.
- ఫోన్‌లో స్టాప్‌వాచ్, పెద్ద బల్ల లేదా ఖాళీ గోడ, ఎవరూ పిలవని సగం రోజు.
- ఒక ఫారాన్ని తీసేసే అధికారం. అది మీకుండాలి, లేదంటే అది ఉన్న మనిషి మీ పక్కన కూర్చోవాలి.

చివరిది లేకపోతే ఆగండి, ముందు అది సంపాదించుకోండి. చేర్చే అధికారం చాలామందికి ఉంటుంది, తీసేసే అధికారం మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. అందుకే కాగితాలు ఏటేటా పెరుగుతూ పోతాయి. సాఫ్ట్‌వేర్ మాత్రం ఇప్పుడే అవసరం లేదు.

1. తప్పులతో మొదలు పెట్టండి

కాగితాలు ముందు వేసుకుని కూర్చుంటే కాగితాలనే సరిదిద్దుతారు. ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడగండి: "ఈ పనిలో ఏ తప్పు జరుగుతుందేమోనని మీకు టెన్షన్‌గా ఉంటుంది?" జవాబులు వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఆపైన గత ఆరు నెలల్లో వచ్చిన కంప్లైంట్లు, రీవర్క్, పారేసిన సరుకు, తిరిగి చేయాల్సి వచ్చిన పనులు చూడండి. రెండు జాబితాలూ కలిపి, నిజంగా నష్టం చేసేవి ఐదు నుంచి ఏడు వరకు ఉంచుకోండి. ఇరవై రాసుకుంటే ఏ ఒక్కదాని మీదా చూపు నిలవదు.

ఇంకో సంస్థ మాన్యువల్ తెచ్చి పేరు మార్చుకోవడం మాత్రం వద్దు. వాళ్ల తప్పులు వేరు, మీ తప్పులు వేరు.

"సర్టిఫికెట్ కావాలంటే ఇంత కాగితం తప్పదు కదా" అని కూడా అడుగుతారు. చాలావరకు అది పాత భయం. క్వాలిటీ సిస్టమ్‌లకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 9001 మొదట 1987లో వచ్చింది. 2008 నాటి వెర్షన్ వరకు క్వాలిటీ మాన్యువల్ తప్పనిసరి, దానితోపాటు రాతపూర్వకంగా ఉండాల్సిన విధానాలు ఆరు. 2015 వెర్షన్‌లో ఆ రెండు షరతులూ ఎత్తేశారు. ఏయే సమాచారం రాసి ఉంచాలో చెబుతుంది గానీ, ఎన్ని పేజీలు, ఏ రూపంలో అన్నది మీకే వదిలేసింది. ప్రమాణం అడగనిదాన్ని కూడా దాని పేరు చెప్పి సిబ్బంది నెత్తిన పెట్టిన చోట్లు నేను చాలా చూశాను.

2. కాగితాలన్నీ గోడ మీద పరచండి

ఖాళీ కాపీలన్నీ పని జరిగే వరుసలో అతికించండి. ఒక్కోదాని ముందు నిలబడి ఈ మూడు అడగండి.

- దీన్ని నింపాక ఎవరు చదువుతారు? మనిషి పేరు చెప్పాలి, "డిపార్ట్‌మెంట్" అంటే కుదరదు.
- చదివి చివరిసారి ఏం మార్చారు?
- రేపటి నుంచి ఆపేస్తే ఎవరికి తెలుస్తుంది, ఎన్నాళ్లకు?

మూడింటికీ జవాబు లేని కాగితం మీద ఎర్ర గీత పెట్టండి. ఒకే సంగతి రెండు మూడు చోట్ల రాస్తుంటే పసుపు గీత. బ్యాచ్ నంబర్‌ను ఒకే షిఫ్టులో ఐదు చోట్ల చేత్తో రాయించే చోట్లుంటాయి. చేత్తో ఎన్నిసార్లు ఎక్కిస్తే తప్పు పడటానికి అన్ని అవకాశాలు.

స్టాప్‌వాచ్‌తో ఒక షిఫ్టులో రాతపనికి మొత్తం ఎంత సమయం పోతోందో లెక్కపెట్టండి. ఆ అంకె గోడ మీద పెద్దగా రాయండి. చివర్లో మళ్లీ కావాలి.

జాగ్రత్త: చట్టం అడిగేవి, కస్టమర్‌తో ఒప్పందంలో ఉన్నవి పనికిమాలినవిగా కనిపించినా అడగకుండా తీయకూడదు. వాటి మీద నల్ల గీత పెట్టి, ఏ నియమం కింద అడుగుతున్నారో పక్కనే రాయించండి. ఆ నియమం చూపించలేకపోతే అది నల్ల గీత నుంచి ఎర్ర గీతకు మారుతుంది.

3. పని జరిగే చోట నిలబడండి

ఈ మెట్టు చాలామంది దాటేస్తారు. దయచేసి దాటేయకండి.

ఒక ల్యాబ్‌లో శాంపిళ్లు ఉంచే ఫ్రిజ్‌కు ఉష్ణోగ్రత రిజిస్టర్ ఉండేది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఉదయం ఎనిమిదింటికి ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి చూసి రాయాలి. నెల పేజీ తిప్పి చూశాను. అరవై గడులు, అరవైలోనూ 4.0. ఫొటోలో చూసి ఉంటే మంచి ఫ్రిజ్ అనుకునేదాన్ని. అసలు పుస్తకం చేతిలో ఉంది కాబట్టి మిగతావి కూడా కనిపించాయి. ఏడు రోజుల చొప్పున ఒకే పెన్ను, ఒకే వాలు, చుక్క కూడా ఒకే ఒత్తిడితో. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి వెళ్లి అక్కడ నిలబడ్డాను. ఫ్రిజ్ వరండా చివర ఉంది. రిజిస్టర్ ఆఫీసు గదిలో మేకుకు వేలాడుతోంది. డిస్‌ప్లే ఫ్రిజ్ వెనుక వైపు, గోడకు ఆనుకుని, వంగి చూస్తే తప్ప కనపడదు. అదే సమయానికి కౌంటర్ దగ్గర పెద్ద క్యూ.

రాసేది ఎవరని అడిగితే ఒక టెక్నీషియన్ దాచకుండా చెప్పింది: "ఎనిమిదింటికి కౌంటర్ వదిలి వెళితే క్యూలో వాళ్లు గొడవ చేస్తారు మేడమ్. రాయకపోతే మెమో వస్తుంది. అందుకే వారానికోసారి కూర్చుని రాసేస్తాం."

ఆమెది నిర్లక్ష్యం అనడానికి నాకు మనసొప్పలేదు. కౌంటరూ ఫ్రిజ్జూ ఒకే సమయానికి ఒకే మనిషిని పిలుస్తున్నాయి. నిజం రాస్తే శిక్ష, 4.0 రాస్తే శాంతి. అలాంటి చోట నేనున్నా 4.0 రాసేదాన్నేమో.

మీరు నిలబడినప్పుడు చూడాల్సినవి: రాయాల్సిన కాగితం పని చేసే చేతికి ఎన్ని అడుగుల దూరంలో ఉంది, పెన్ను ఉందా, గ్లౌజు తీయకుండా రాయగలరా, వెలుతురు చాలుతోందా, ఆ నిమిషంలో ఇంకెవరు వాళ్లను పిలుస్తున్నారు. కనీసం రెండు షిఫ్టులు చూడండి, అందులో ఒకటి రాత్రిది అయితే మంచిది. ఏమీ సరిదిద్దకండి, చూసి రాసుకోండి. తనిఖీకి వచ్చారనుకుంటే ఆ రోజు అందరూ పుస్తకంలో ఉన్నట్టే చేస్తారు. అందుకే ముందే చెప్పండి: "మీ పని కష్టం చేస్తున్నది ఏమిటో చూడ్డానికి వచ్చాను."

4. ఫారం రాసే ముందు వస్తువును మార్చి చూడండి

జపాన్ ఇంజనీర్ షిగెయో షింగో 1961లో ఒక చిన్న స్విచ్ తయారీ దగ్గర చేసిన మార్పు నాకెంతో ఇష్టం. స్విచ్‌లో రెండు బటన్లు, వాటి కింద రెండు స్ప్రింగులు. అప్పుడప్పుడు ఒక స్ప్రింగ్ పెట్టడం మరిచిపోయేవాళ్లు. జాగ్రత్తగా ఉండమని చెప్పేవాళ్లు, కొన్నాళ్లు బాగుండేది, మళ్లీ మామూలే. షింగో ఒక చిన్న పళ్లెం పెట్టించాడు. ముందు డబ్బాలోంచి రెండు స్ప్రింగులు తీసి పళ్లెంలో వేయాలి, తర్వాత బిగించాలి. బిగించడం అయ్యాక పళ్లెంలో ఒకటి మిగిలిందంటే తప్పు జరిగినట్టే, అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు. రిజిస్టర్ లేదు, సంతకం లేదు.

ఇలాంటి ఏర్పాట్లను మొదట 'బాకా-యోకే' అనేవారు, అంటే మూర్ఖులు పాడుచేయకుండా చూసేది అని. ఆ మాటకు ఒక కార్మికురాలి మనసు నొచ్చుకుంది. దాంతో షింగో దాన్ని 'పోకా-యోకే' అని మార్చాడు, పొరపాటు జరగకుండా చూసేది అని. మీ సిస్టమ్‌లో వాడే మాటలు కూడా ఒకసారి ఈ కళ్లతో చదివి చూడండి.

మొదటి మెట్టులో రాసుకున్న ఒక్కో తప్పుకూ ఈ వరుసలో ఆలోచించండి:

అసలు ఆ తప్పు చేయడానికి వీలే లేకుండా చేయగలమా? ఒకే వైపు మాత్రమే పట్టే ప్లగ్గు, ఎక్సెల్‌లో చేత్తో టైపు చేయనివ్వకుండా జాబితాలోంచి ఎంచుకునే గడి, ఇలాంటివి. కుదరకపోతే తప్పు జరగ్గానే కంటికి కనిపించేలా చేయగలమా? స్ప్రింగుల పళ్లెం అలాంటిదే, పనిముట్ల ఆకారాలు గీసిన బోర్డు కూడా అంతే. అదీ కుదరకపోతే సరైన సమయానికి గుర్తు చేసే చెక్‌లిస్ట్. రాసి ఉంచే రిజిస్టర్ అన్నిటికంటే చివర.

ఐసీయూల్లో పెద్ద రక్తనాళానికి గొట్టం వేసేటప్పుడు వచ్చే ఇన్ఫెక్షన్ల మీద డాక్టర్ పీటర్ ప్రొనొవోస్ట్ బృందం అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో చేసిన పని చాలామంది "ఐదు అంశాల చెక్‌లిస్ట్" అనే గుర్తుపెట్టుకున్నారు. 2006లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మూడు నెలల్లోనే ఇన్ఫెక్షన్ల రేటు మధ్యస్థ విలువ వెయ్యి కాథెటర్ రోజులకు (ఒక రోగికి ఆ గొట్టం ఉన్న ఒక్కో రోజూ ఒక కాథెటర్ రోజు) 2.7 నుంచి సున్నాకు వచ్చింది. కానీ అక్కడ చెక్‌లిస్ట్ ఒంటరిగా లేదు. కావలసిన సామానంతా ఒకే బండి మీద సర్ది ఉంచారు. డాక్టర్ ఒక అంశం వదిలేస్తే, అత్యవసరం కాని చోట, ఆపే అధికారం నర్సుకు ఇచ్చారు. బండి లేకుండా, అధికారం లేకుండా కాగితం మాత్రమే తెచ్చుకుంటే ఆ ఫలితం రాదు.

5. చెక్‌లిస్ట్ తప్పదనుకుంటే ఇలా రాయండి

1935 అక్టోబర్ 30న అమెరికాలో బోయింగ్ కంపెనీ మోడల్ 299 విమానం పైకి లేచిన కాసేపటికే కూలిపోయింది, ఇద్దరు చనిపోయారు. నడిపినవాళ్లు ఆరితేరిన పైలట్లు. నేల మీద ఉన్నప్పుడు గాలికి తోక రెక్కలు కదలకుండా వేసే తాళం తీయడం మరిచిపోయారు. ఆ తర్వాతే పైలట్లకు లేవడానికి ముందు చూసుకునే జాబితా అలవాటైంది. వాళ్లకు విమానం నడపడం నేర్పడానికి రాసింది కాదది. తెలిసినవాళ్లు హడావుడిలో మరిచిపోయే నాలుగు సంగతులు గుర్తు చేయడానికి. మీ జాబితా కూడా అంతవరకే ఉండాలి.

- ఐదు నుంచి తొమ్మిది అంశాలు. మరిచిపోతే ప్రమాదం ఉన్నవి మాత్రమే. ఎప్పుడూ ఎవరూ మరచిపోనివి రాస్తే మిగతావి కూడా చదవరు.
- పని సహజంగా ఆగే చోట పెట్టండి: మెషిన్ ఆన్ చేసే ముందు, షిఫ్ట్ హ్యాండోవర్‌లో, మెయిల్ పంపే ముందు.
- చదువుతూ చేసేదా, చేశాక సరిచూసుకునేదా ముందే తేల్చుకోండి. అరుదుగా చేసే పనికి మొదటిది, రోజూ చేసే పనికి రెండోది. రోజూ చేసే పనికి మొదటి రకం ఇస్తే ఆఖర్న అన్నిటికీ ఒకేసారి టిక్కులు పడతాయి.
- వాళ్ల మాటల్లో, చేతికి చెప్పినట్టు రాయండి.

చివరిదానికి ఒక ఉదాహరణ. "పరికరముల శుభ్రతను నిర్ధారించుకొనవలెను" అని ఉంటే ఎవరైనా టిక్కు పెట్టేస్తారు, ఎందుకంటే దానికి ఏం చేయాలో అందులో లేదు. "నాజిల్ విప్పి వెలుతురుకు ఎత్తి చూడండి. అవతలి వైపు గుండ్రంగా వెలుగు కనిపించాలి" అని రాస్తే విప్పకుండా టిక్కు పెట్టడానికి మనసు ఒప్పదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ల కోసం 2008లో తెచ్చిన జాబితాలో 19 అంశాలున్నా, మూడు చోట్ల ఆగేలా పంచారు: మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగిని థియేటర్ నుంచి పంపే ముందు. 8 నగరాల్లోని 8 ఆసుపత్రుల్లో పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. పెద్ద సమస్యలు 11 శాతం నుంచి 7కు, మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయి. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఈ తరహా జాబితాలను తప్పనిసరి చేశాక 101 ఆసుపత్రుల్లో చూస్తే, 2014లో వచ్చిన అధ్యయనం ప్రకారం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఎందుకన్నదాని మీద వాదోపవాదాలు చాలా జరిగాయి. నా అనుభవం చెప్పేది ఇదీ: తాము రాసుకుని, రిహార్సల్ చేసుకుని, మాటలు మార్చుకున్న జాబితాను జనం చదువుతారు. పై నుంచి వచ్చినదానికి టిక్కు పెడతారు.

6. తప్పు చెప్పుకోవడానికి ఒక దారి పెట్టండి

తప్పించుకున్న ప్రమాదాలు, అంటే "కొద్దిలో తప్పింది" అనేవి, మీకు తెలియాలి. అవి తెలిసేది చెప్పుకున్నవాళ్లకు ఏమీ కానప్పుడే. అమెరికాలో విమానయానానికి ఈ దారి 1976లో వేశారు. పైలట్లు, ఇతర సిబ్బంది తమ పొరపాట్లు రాసి పంపేది శిక్షించే అధికారం ఉన్న విమానయాన సంస్థకు కాదు, నాసాకు. నాసా వాళ్లు పేరు, వివరాలు తీసేసిన తర్వాతే ఆ నివేదికను అందరికీ ఉపయోగపడేలా వాడతారు. వినేవాళ్లూ శిక్షించేవాళ్లూ వేరుగా ఉండటమే అందులో కీలకం.

చిన్న చోట దీనికి ఒక డబ్బా, చిన్న చీటీలు చాలు. చీటీ మీద మూడు గీతలు: ఏం జరిగింది, ఏం జరిగి ఉండేది, ఏది మారితే బాగుంటుంది. పేరు రాయడం వాళ్ల ఇష్టం. చీటీలు తెరిచే మనిషికి ఇంక్రిమెంట్లతో, సెలవులతో సంబంధం ఉండకూడదు. ఏడు రోజుల్లోపు ప్రతి చీటీకి బోర్డు మీద జవాబు రావాలి. "చేయలేం, ఎందుకంటే..." అన్నది కూడా జవాబే. జవాబు రాని డబ్బాలో రెండో నెల నుంచి ఎవరూ చీటీ వేయరు.

అనుకోకుండా జరిగిన పొరపాటుకు శిక్ష ఉండదు. పని ముగించాలన్న ఒత్తిడిలో అడ్డదారి తొక్కితే, ఆ ఒత్తిడి ఎక్కడిదో చూసి మాట్లాడతాం. తెలిసి హాని చేస్తే మాత్రం చర్య ఉంటుంది. ఈ మూడు మాటలు ముందే రాసి పెట్టండి, తర్వాత మార్చకండి. మొట్టమొదటి చీటీ రాసినవాళ్లకు ఏం జరుగుతుందో అందరూ గమనిస్తూ ఉంటారు. వాళ్లకు మెమో వెళ్లిందా, మీరిక ఎన్ని డబ్బాలు పెట్టినా అంతే.

పని మధ్యలో సాయం అడిగే దారి కూడా కావాలి. టయోటా ఫ్యాక్టరీల్లో లైన్ పక్కన తాడు ఉండేది. అనుమానం వస్తే కార్మికుడు తాడు లాగుతాడు, టీమ్ లీడర్ వస్తాడు, నిర్ణీత స్థానం దాటేలోపు సమస్య తీరకపోతే లైన్ ఆగుతుంది. మీ దగ్గర తాడు అక్కర్లేదు. ఒక ఫోన్ నంబరు, ఎత్తే మనిషి, ఎన్ని నిమిషాల్లో వస్తాడన్న మాట ఉంటే చాలు.

7. కొలిచేవి మూడు దాటనివ్వకండి

మూడు అంకెలు ఎంచుకోండి. ఒకటి తప్పులది, ఒకటి ఆలస్యానిది, ఒకటి సిబ్బంది మీద పడే భారానిది. మూడోదాన్ని ఎవరూ కొలవరు, అందుకే అది పెరుగుతున్నా తెలియదు. రెండో మెట్టులో గోడ మీద రాసిన నిమిషాలే ఆ అంకె.

వీటిలో దేన్నీ బోనస్‌తో ముడిపెట్టకండి. కొలతను లక్ష్యంగా మార్చగానే అది కొలతగా పనికిరాకుండా పోతుందని బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరు మీద ఒక సూత్రమే ఉంది. "ఈ నెల సున్నా తప్పులు" అని బోర్డు పెడితే తప్పులు తగ్గవు, చీటీలు తగ్గుతాయి.

రోజూ ఒక చుక్క పెట్టి, ఇరవై ముప్పై రోజులు గీత కలపండి. అంకెలు సహజంగానే కొంచెం పైకీ కిందికీ ఊగుతాయి. మామూలు ఊగిసలాటనూ, ప్రత్యేక కారణం ఉన్న మార్పునూ విడదీసి చూడాలని 1924 మే నెలలో అమెరికా గణాంక నిపుణుడు వాల్టర్ షూహార్ట్ ఒక్క పేజీ నోట్‌లో గీసి చూపించాడు. నిన్నటికంటే ఇవాళ రెండు ఎక్కువయ్యాయని మీటింగ్ పెట్టకండి. చుక్క ఎప్పుడూ లేనంత దూరం వెళ్లినా, వరుసగా ఎనిమిది రోజులు సగటుకు ఒకే పక్కన ఉన్నా అప్పుడు కారణం వెతకండి.

8. పెన్సిల్‌తో మొదలు పెట్టండి

కొత్త ఫారాన్ని ప్రింట్‌కు ఇవ్వకండి. ఒక షిఫ్టులో, రెండు వారాలు, ఫొటోకాపీ మీద నడిపించండి. నింపేవాళ్లను ఫారం మీదే కొట్టివేసి రాయమనండి. కొట్టివేతలు లేకుండా తిరిగొచ్చిందంటే సంతోషించకండి, ఎవరూ పట్టించుకోలేదని అర్థం.

రెండు నియమాలు పెట్టుకోండి. ఒకటి చేర్చాలంటే ఒకటి తీయాలి. ప్రతి ఫారం కింద ఆరు నెలల తర్వాతి తేదీ ఉండాలి. ఆ తేదీకి ఎవరూ ముందుకొచ్చి ఇది కావాలని చెప్పకపోతే అది ఆగిపోతుంది.

ఎక్కువగా చేసే పొరపాట్లు

ఒక తప్పు జరగ్గానే ఫారంలో ఒక కాలమ్ చేర్చడం అన్నిటికంటే మామూలు. ఐదేళ్లలో ఆ ఫారం అడ్డం తిప్పి ప్రింట్ చేసినా పట్టనంత అవుతుంది.

రెండో సంతకం ఇంకొకటి. మొదటి మనిషి రెండో మనిషి చూస్తాడులే అనుకుంటాడు, రెండో మనిషి మొదటివాడు చూశాడులే అనుకుంటాడు. రెండో కన్ను నిజంగా అవసరమైతే, మొదటివాళ్ల జవాబు చూడకుండా విడిగా లెక్కపెట్టి తర్వాత పోల్చమనండి. అంత సమయం ఇవ్వలేకపోతే రెండో సంతకం తీసేయండి.

"సిబ్బందికి మళ్లీ ట్రైనింగ్ ఇచ్చాం", "జాగ్రత్తగా ఉండమని చెప్పాం" అనే వాక్యాలు దిద్దుబాటు చర్యగా రాసి ఉంటే నేను తిప్పి పంపేస్తాను. పని తెలియక తప్పు జరిగితే ట్రైనింగ్ సరైనదే. తెలిసినవాళ్లు అలసటలో, తొందరలో చేసిన తప్పుకు ట్రైనింగ్ ఏం చేస్తుంది? ఒకేలా కనిపించే రెండు సీసాలు ఒకే అరలో ఉన్నంతకాలం ఎవరో ఒకరు తప్పు సీసా తీస్తూనే ఉంటారు. రెండో సీసాను వేరే అరకు మార్చండి.

పాడైన ఫారాన్ని యాప్‌లోకి ఎక్కించడం. కాగితం మీద ఖాళీగా వదిలే గడిని యాప్ వదలనివ్వదు. దాంతో అందులో చుక్కలు, ఎన్‌ఏలు (వర్తించదు అని) పడతాయి. ముందు కాగితం మీద బాగుచేసి, మూడు నెలలు నడిచాక ఎక్కించండి.

సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోవడం

రెండు నెలల తర్వాత ఇవి చేయండి.

రిజిస్టర్ తెరిచి అందులో చెడ్డ అంకెల కోసం వెతకండి. నిజంగా నింపే పుస్తకంలో కొట్టివేతలుంటాయి, వేర్వేరు పెన్నులుంటాయి, 7:12, 7:31 లాంటి సమయాలుంటాయి, అప్పుడప్పుడు హద్దు దాటిన అంకె, పక్కన ఏం చేశారో ఒక ముక్క ఉంటుంది. అంతా శుభ్రంగా ఉంటే మూడో మెట్టుకు వెనక్కి వెళ్లండి.

చేరి వారమైన మనిషికి చెక్‌లిస్ట్ ఇచ్చి మీరు పక్కన మౌనంగా నిలబడండి. ఎక్కడ ఆగి మీ ముఖం చూస్తారో ఆ వాక్యం మార్చాలి.

ఒక ఉత్తుత్తి తప్పు వదిలి ఎక్కడ పట్టుబడుతుందో చూడవచ్చు, ఉదాహరణకు లేబుల్ లేని ఖాళీ డబ్బా. ఈ నెలలో ఎప్పుడో ఒకసారి ఇలా చేస్తామని టీమ్‌కు ముందే చెప్పండి. మనుషులకు, నిజమైన సరుకుకు సంబంధించిన వాటితో ఎప్పుడూ చేయకండి. దొరకకపోతే ఎవరు వదిలేశారని అడగకండి, ఏ మెట్టులో దొరికి ఉండాల్సిందో అడగండి.

మళ్లీ స్టాప్‌వాచ్ పట్టుకుని గోడ మీది అంకెతో పోల్చండి. రాతపని నిమిషాలు తగ్గకపోతే మీరు తీసేసినదానికంటే చేర్చిందే ఎక్కువ.

చీటీల సంఖ్య మొదటి రెండు మూడు నెలలు పెరుగుతుంది. పెరగాలి కూడా. అంతవరకు దాగి ఉన్నవి బయటపడుతున్నాయి. ఈ సంగతి పైవాళ్లకు మొదలు పెట్టకముందే చెప్పి, ఒప్పించి పెట్టుకోండి. లేకపోతే "సిస్టమ్ పెట్టాక తప్పులు పెరిగాయి" అని మూడో నెలలో ఆపించేస్తారు. కంప్లైంట్లు, రీవర్క్ తగ్గడం ఆ తర్వాత కనిపిస్తుంది.

ఆ ల్యాబ్‌లో మేం చేసింది కొంచెమే. డిస్‌ప్లేను ముందుకు తిప్పించాం. రిజిస్టర్‌ను, దారంతో కట్టిన పెన్నును ఫ్రిజ్ తలుపుకే వేలాడదీశాం. ఉదయం రీడింగ్‌ను ఏడుంబావుకు మార్చాం, ఎందుకంటే కౌంటర్ తెరవకముందు కంట్రోల్ శాంపిళ్లు తీయడానికి ఎలాగూ ఆ తలుపు తెరుస్తారు. హద్దు దాటితే మెమో ఉండదని ఇన్‌చార్జి సంతకంతో పక్కనే అతికించాం. "బయట ఉంటే ఏం చేశారు" అని ఒక్క కాలమ్ చేర్చి, ఎవరూ చదవని రెండు కాలమ్‌లు తీసేశాం.

ఐదో రోజు గడిలో ఇలా ఉంది: "7:20. 9.4. తలుపు పూర్తిగా పడలేదు, కింది ట్రే ముందుకు జరిగింది. సర్దాను. శాంపిళ్లు వేరే ఫ్రిజ్‌లోకి మార్చి మేడమ్‌కు ఫోన్ చేశాను. 7:55కి 5.8." మధ్యాహ్నానికి ఆ ట్రే ముందు చిన్న ఆపు బిగించారు.